తులసక్క ఊరెళ్లింది

శ్రీవల్లి ఎర్రచీరను అంచు వైపు నుంచి విప్పడం మొదలుపెట్టేసరికి రామతులసికి మాట గొంతు దాకా వచ్చేసింది. అట్టా కాదు, ముందు కొంగు, కొంగు నచ్చాకే ఆడవాళ్లు అంచు వంక చూస్తారు, అని. వచ్చిన మాటను మింగేసి గోడకు జారగిలబడింది. మింగినా నొప్పే. నెల రోజుల పాటు ఒక్క మాట మాట్లాడకూడదన్నాడు గుంటూరు డాక్టరు. గుసగుస కూడా కూడదన్నాడు, గుసగుస మామూలు మాట కన్నా చేటన్నాడు. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపించి, ఆమె గొంతును ఆమెకే టీవీలో చూపించాడు. తెల్లటి తీగలు రెండు, వాటి మీద ఎదురెదురుగా బియ్యపు నూకల్లాంటి పొక్కులు. "పార పట్టేవాళ్ల చేతులు కాయలు కాస్తాయి చూడండి, అలాంటివే ఇవి. ఏం చేస్తుంటారమ్మా? టీచరా?" అన్నాడు. ఆమె నోరు తెరవబోతే వెంకటాద్రి అడ్డుపడి "చీరల షాపండీ, నరసరావుపేటలో" అన్నాడు. డాక్టరుకు అర్థం కాలేదు. చీరలమ్మే మనిషికి గొంతు కాయలు కాయడమేమిటని మొగుడూ పెళ్లాల వంక మార్చి మార్చి చూశాడు. వెంకటాద్రి విడమర్చలేదు. మా ఆవిడ రోజూ ఫోనుతో మాట్లాడుతుందని చెప్పడానికి సిగ్గుపడ్డాడేమో. ఫోనులో కాదు, ఫోనుతో. స్టాండు మీద నిలబెట్టిన ఫోను రెప్ప వేయకుండా చూస్తుంటే, దాని అవతల ఎవరున్నారో, ఎంతమందున్నారో, కూర చేసుకుంటూ వింటున్నారో, మంచాన పడి వింటున్నారో తెలియకుండానే నవ్వుతూ, రమ్మంటూ, కూచోమంటూ మాట్లాడుతుంది.

ఇప్పుడా ఫోను ముందు శ్రీవల్లి ఉంది. తోటికోడలు, మరిది ఫణి భార్య, చక్కటి పిల్ల, చీర కడితే బొమ్మలా ఉంటుంది కానీ మాట తడబడుతుంది. షాపు మీది ఈ గదిలో ఒకప్పుడు అమ్ముడుపోని సరుకు పడేసేవాళ్లు. ఇప్పుడు గోడకు గులాబీరంగు తెర వేలాడుతోంది, గుండ్రటి లైటు వెలుగుతోంది. ఆ లైటు వెనక స్టూలు మీద ఫణి ట్యాబు పట్టుకుని, కామెంట్లలో ఎవరు 'బుక్' అని పెడుతున్నారో ఏరుకుంటున్నాడు. కెమెరాకు అందకుండా ఓ పక్కన కూర్చుని ఒక్కో చీరా అందివ్వడం, చూపించేసినవాటిని మడతేయడం రామతులసి పని. శ్రావణమాసం వచ్చేసింది. ఏడాది పొడుగునా ఎట్లా గడిచినా వరలక్ష్మీవ్రతం ముందర ఈ రెండు వారాలే షాపుకు ప్రాణం. సరిగ్గా ఇప్పుడే పోయింది గొంతు. లైవ్ ఆపేద్దామని ఆమె కాగితం మీద రాసి చూపిస్తే ఫణి తల అడ్డంగా ఊపాడు. "ఆపితే జనం ఇంకో పేజీకి పోతారు వదినా. ఒకసారి పోయినోళ్లు మళ్లీ రారు. జబ్బని కూడా చెప్పబాకండి, ఒక రకంగా ఉంటది. అరుణాచలం పోయిందని చెప్తుంది శ్రీవల్లి. గిరిప్రదక్షిణకి." ఆ రోజు నుంచీ శ్రీవల్లి అదే చెబుతోంది. అక్క అరుణాచలం వెళ్లిందండీ, వచ్చేస్తుందండీ. అవునా, మా తరఫున కూడా దణ్ణం పెట్టుకోమనండి, అని అవతలివాళ్లు.

అరుణాచలం. తాను ఎన్నడూ చూడని ఆ కొండ చుట్టూ ఇప్పుడు తాను నడుస్తోంది, ఎందరి తలల్లోనో. చెప్పులు లేకుండా, భుజాన చిన్న సంచీతో, ఎవరితోనూ మాట్లాడకుండా. పక్కన నడిచేవాళ్లు తమిళం వాళ్లో ఎవరో, వాళ్లేం అడిగినా తనకు అర్థం కాదు, తాను చెప్పినా వాళ్లకు అర్థం కాదు, అందుకని ఎవరూ ఏమీ అడగరు. ఆ తులసిని తలుచుకుంటే ఈ తులసికి అసూయ పుట్టింది. ఆమె ఎక్కడ దాకా వచ్చిందో ఈపాటికి. ఏ చెట్టు కింద ఆగి మంచినీళ్లు తాగుతోందో. "ఆకుపచ్చది, ఆకుపచ్చది ఇయ్యక్కా" అని శ్రీవల్లి పెదాలు కదపకుండా గొణిగితే ఉలిక్కిపడి ఆకుపచ్చది అందించింది.

మొదట్లో ఇట్లా లేదు. కరోనా రోజుల్లో, షట్టర్లు దించేసి, పెళ్లిళ్లకని తెచ్చిన సరుకంతా బీరువాల్లో మగ్గిపోతుంటే, వెంకటాద్రి పగలంతా పడుకుని పైకప్పు చూస్తుంటే, ఏం తోచక ఒకనాడు ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, రండి రండి, కూచోండి, షాపు మూసినా నేను మూయలేదు, అంది. అన్నాక తనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు నచ్చిందట జనానికి. నాదెండ్లలో పుట్టింటి పక్కిళ్ల వాళ్లు చూశారు, వాళ్ల చుట్టాలు చూశారు, హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఎవరెవరో చూశారు. చిన్నప్పుడు బళ్లో ప్రతిజ్ఞ చెప్పించేవాళ్లు ఆమె చేత, మైకు అక్కర్లేదని. కాపురానికి వచ్చాక ఆ గొంతు ఎటు పోయిందో పోయింది. అంత పెద్ద ఇంట్లో అత్తగారికి వినపడేంత, స్టవ్వు చప్పుడు దాటేంత, అంతే. పదిహేనేళ్లు ముడిచిపెట్టిన గొంతు ఒక్కసారి విప్పేసరికి, కొత్తచీర మడత విప్పినట్టే, దాని వాసన దానికే బాగుంది. "ఏమే, అంత గట్టిగా నవ్వాలా?" అన్నాడు వెంకటాద్రి మొదటి వారం. రెండో వారం పార్సిళ్లు కడుతూ ఏమీ అనలేదు. మూడో వారం తానే లైటు కొనుక్కొచ్చాడు. అప్పుడు సంతోషంగానే ఉంది. అబద్ధమెందుకు, చాలా సంతోషంగా ఉంది.

తర్వాత ఫణి వెబ్‌సైటు అన్నాడు. పేజీ ఒక్కటే ఉంటే ఎవరైనా పెడతారు వదినా, వెబ్‌సైటు ఉంటేనే కంపెనీ అంటారు, అన్నాడు. విజయవాడ వాళ్లెవరితోనో చేయించాడు. బాగుంది, అద్దాల షోరూములా ఉంది. చీరలన్నీ వరసగా నిలబడి ఉంటాయి, ధరలుంటాయి, పైన తమ పేరు, దాని కింద 'ఎల్లప్పుడూ మీకు అందుబాటులో'. కానీ అందులోకి వెళ్లినవాళ్లు వెళ్లినట్టే వెనక్కి వచ్చి, వాట్సాప్ గుర్తు నొక్కి, ఇది తులసక్క షాపేనా? అని అడుగుతారు. అవునమ్మా. అక్క ఉందా? ఉన్నానమ్మా. ఆ మెరూన్ చీర వెబ్‌సైట్లో చూశాను, నువ్వు ఒకసారి చెప్పక్కా ఎట్టా ఉందో. చెబుతుంది. ధర అక్కడే రాసి ఉంది, బట్ట ఏమిటో రాసి ఉంది, ఎన్ని మీటర్లో రాసి ఉంది, అయినా ఆమె చెప్పాలి. షాపు వెబ్‌సైట్లో ఉంది, ఆ 'ఎల్లప్పుడూ' మటుకు ఈమె గొంతులో ఉంది. అక్కడితో అయిందా. ఊరికే చీరలు పెడితే విసుగొస్తుందట, టచ్‌లో ఉండాలట. పొద్దున్నే పువ్వుల బొమ్మ మీద శుభోదయం పెట్టాలి. సోమవారం శివుడు, గురువారం సాయిబాబా. ఎవరిదో పుట్టినరోజు, ఎవరి అబ్బాయికో సీటొచ్చింది, ఎవరి మామగారో పోయారు. వాట్సాప్‌లో ఒకటి, ఫేస్‌బుక్‌లో ఒకటి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకొకటి. ఒకచోట దండం పెట్టి ఇంకోచోట పెట్టకపోతే అదొక నిష్ఠూరం. నన్ను మర్చిపోయావక్కా. లేదమ్మా, నిన్నెట్లా మర్చిపోతాను? ఎవరో తెలియదు. నిజంగా ఎవరో తెలియదు. ముఖం ఉండాల్సిన చోట చామంతి పువ్వు బొమ్మ పెట్టుకుంది.

కూతురు సాయిసాత్విక ఇంటర్ చదువుతోంది. మొన్న ఉగాదికో ఎప్పుడో అన్నం పెడుతూ, "పప్పు చూడు నాన్నా, ఎంత మెత్తగా వచ్చిందో, మళ్లీ మళ్లీ దొరకదు" అంటే, ఆ పిల్ల కంచంలో చెయ్యి అట్లాగే పెట్టి, "అమ్మా, నువ్వు ఇంట్లో కూడా లైవే చేస్తన్నావు" అంది. ఎగతాళిగా అనలేదు. మామూలుగానే అంది, అందుకే గుచ్చుకుంది. అంతకు మించినది తమ్ముడి ఫోను. నాన్న పోయిన రోజు. ఆ పొద్దున ఫోను చేతిలోంచి దిగింది లేదు, ఒకరు పెట్టేయడం ఆలస్యం ఇంకొకరు. కొత్త నంబరు వచ్చింది, అది ఆసుపత్రిలో ఎవరి ఫోనో, తనకేం తెలుసు. ఎత్తి, ఎప్పటిలాగే నవ్వు కలిపి, "చెప్పండమ్మా, ఏ చీర?" అంది. అవతల ఎవరూ పలకలేదు. "హలో, చెప్పండి, సిగ్గుపడకండి, ఏది నచ్చింది?" అంది. అప్పుడు ఆదిత్య "నేనేనక్కా" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఏం చెప్పాడో, తాను ఏం అందో, కారులో నాదెండ్ల దాకా ఎట్లా వెళ్లిందో గుర్తులేదు కానీ ఆ 'ఏ చీర' మాత్రం ఉండిపోయింది. ఆ మాట తిరిగి లోపలికి పోయి అక్కడే గట్టిపడి నూకంత పొక్కయి కూర్చుందేమో. డాక్టరు చూపించిన రెండింటిలో ఒకటి అదేనేమో. కరిగిపోతాయన్నాడు, మాట్లాడకుండా ఉంటే. లేకపోతే కోయాలి, కోశాక పాత గొంతు వస్తుందని చెప్పలేనన్నాడు. రాకపోతే? రాకపోతే అనుకునేసరికి భయం వేసింది, భయంతో పాటు ఇంకోటేదో కూడా కలిగింది, జ్వరమొస్తే బడికి పోనక్కర్లేదని తెలిసినప్పటిలాంటిది. ఛీ, అనుకుంది. శ్రావణమాసంలో అవేం తలపులు.

"మస్టర్డ్ కలర్ అండీ, దీనికి... దీనికి కాంట్రాస్ట్ బ్లౌజ్ వచ్చిద్దండీ" అంటోంది శ్రీవల్లి. బ్లౌజు కనిపించడంలేదు. వెతుక్కుంటోంది, చీర మడతల్లో. చెమట పట్టి బొట్టు కింద తడి మెరుస్తోంది. జాకెట్టు ముక్క రామతులసి ఒడిలోనే ఉంది. ఆలోచించకుండా చెయ్యి చాపి ఇచ్చింది. ఒక్క క్షణం, మణికట్టు దాకా, ఆ చెయ్యి లైటు వెలుగులోకి వెళ్లి వచ్చింది.

ఫణి ట్యాబు వంక చూస్తున్నవాడు "అమ్మో" అన్నాడు.

రామతులసి మెడ చాచి చూసింది. సబీహా అట, గురజాల నుంచి, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. ఆ చెయ్యి తులసక్కది. బొటనవేలి కింద కాలిన మచ్చ ఉంది చూడండి. ఇంకెవరో, అవును అక్కదే. అరుణాచలం అన్నారుగా? ఇంకెవరో నవ్వుతున్న బొమ్మలు. రామతులసి తన ఎడమ చెయ్యి తిప్పి చూసుకుంది. ఇస్త్రీపెట్టె తగిలిన మచ్చ అది, పెళ్లైన కొత్తలోది. ఉందని తనే మర్చిపోయింది. అది ఏ చేతికి ఉందంటే వెంకటాద్రి చెప్పలేడు. గురజాలలో ఒకామె, ముఖం కూడా ఎరగని ఆమె, చూసి పెట్టుకుంది. రోజూ చీరలు చూస్తున్నారనుకుంది తాను. చేతులు చూస్తున్నారు, మచ్చలు చూస్తున్నారు. ఇది ప్రేమో, ఏమో, ప్రేమే కాబోలు, కానీ ఒళ్లంతా ఎవరో తడిమినట్టయి చెయ్యి పమిట కింద దాచుకుంది.

"అది... అది మా పనమ్మాయి చెయ్యండీ" అనేసింది శ్రీవల్లి.

అనకుండా ఉండాల్సింది. అబద్ధాన్ని కప్పడానికి వేసిన రెండో అబద్ధం మొదటిదాని కన్నా పల్చన. కామెంట్లు కట్ట తెగినట్టు వచ్చి పడ్డాయి. అక్కను ఏం చేశారు? తోటికోడళ్లకు పడటంలేదంట, మా పిన్ని చెప్పింది. అక్కను వెళ్లగొట్టి ఈ అమ్మాయిని పెట్టారు. మాచర్ల వెన్నెల అనే ఆమె, మేం అక్క కోసం కొంటున్నాం, మీ కోసం కాదు, అని పెట్టింది. శ్రీవల్లి వాటిని చదువుతోంది, చదవకూడదు, లైవ్‌లో ఉన్నప్పుడు చెడ్డ కామెంటు మీద కన్ను నిలపకూడదని తాను చెప్పలేదు ఆ పిల్లకి, చెప్పడానికి గొంతేది. శ్రీవల్లి చీర పట్టుకున్న చేతులు అట్లాగే గాల్లో ఆగిపోయాయి. ఫణి "కట్ చెయ్యి, కట్ చెయ్యి, నెట్ పోయిందనుకుంటారు" అని సైగలు చేస్తున్నాడు. కట్ చేస్తే ఈ పిల్ల పేరు ఇక బాగుపడదు. ఎన్ని సంవత్సరాలైనా, అక్కను వెళ్లగొట్టినామె అనే ఉంటుంది, ఏ పెళ్లిలో కనపడినా.

రామతులసి మోకాళ్ల మీద చెయ్యి వేసుకుని లేచింది. ఇంట్లో కట్టే నూలుచీర, కాటుక లేదు, తల దువ్వి పొద్దుటి నుంచీ అద్దం చూసుకోలేదు. వెళ్లి శ్రీవల్లి పక్కన పరుపు మీద కూర్చుని, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, ఫోను వంక తిరిగి నమస్కారం పెట్టింది. అలవాటుగా నోరు తెరుచుకుంది. మూసుకుంది. గొంతు మీద వేలు పెట్టి, కాదన్నట్టు చెయ్యి ఊపింది. ఫణికి ఏం తోచిందో, చీరపెట్టె అట్టమూత మీద మార్కరుతో రాసి అందించాడు. ఆమె దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. గొంతు బాగాలేదు. డాక్టరు మాట్లాడొద్దన్నారు. శ్రీవల్లి నా చెల్లెలు.

మూడో మాట ఫణి రాయలేదు. మార్కరు లాక్కుని తనే రాసింది.

చేసేది ఇంకేం లేక, లైటు కళ్లలో కొడుతుంటే, అట్లా కూర్చుని కామెంట్లు చదివింది. ఇన్నేళ్లలో కామెంట్లను చదవలేదు ఆమె, బుక్ అన్న మాటను వెతుక్కుంది. ఇప్పుడు చదువుతుంటే ఒక్కోటీ ఒక్కో ముఖం పెట్టుకుని వస్తోంది. కరక్కాయ బుగ్గన పెట్టుకో అక్కా. మిరియాల పాలు. మా అమ్మకూ ఇట్లాగే అయింది, తగ్గింది. సారీ శ్రీవల్లి గారూ. నిజమా, లేక ఇదో కొత్త పబ్లిసిటీనా? ఆ మెరూన్ ఇంకా ఉందా? నేను కొననక్కా, ఎప్పుడూ కొనలేదు, మా ఇంట్లో మాట్లాడేవాళ్లు లేక నీ లైవ్ పెట్టుకుంటా. ఈ చివరిది ఎవరు పెట్టారో చూసేలోపు పైకి వెళ్లిపోయింది. ఒక గొంతు అరిగి ఎంతమంది వంటిళ్లలోకి పోయిందో. పోయిందాన్ని తిరిగి ఇమ్మనడానికి లేదు. వాళ్ల మీద కోపం రావడంలేదు, జాలీ రావడంలేదు, కళ్లు మూసుకుని అక్కడే ఆ పరుపు మీదే ఒరిగిపోవాలనిపించింది, అందరూ చూస్తుండగానే. శ్రీవల్లి నమస్కారం చెప్పి ఆపేసింది. ఆపీ ఆపగానే ఆమె ఒళ్లో తల పెట్టి, "తిట్టక్కా, పనమ్మాయన్నా నిన్ను" అని ఏడ్చింది. తిట్టడానికి కూడా గొంతు లేదన్నట్టు రామతులసి నవ్వి, వీపు నిమిరింది.

"వదినా!" అన్నాడు ఫణి. ట్యాబు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "మామూలుగా చూసేవాళ్లకి రెండింతలు వదినా. చానామంది షేర్ చేస్తన్నారు. వెబ్‌సైటు చూడు, ఎన్నడూ లేంది ఆర్డర్లు డైరెక్టుగా అందులోనే పడతన్నయ్. అడక్కుండా కొంటన్నారు, నువ్వు మాట్లాడలేవని. రేపు కూడా ఇట్టనే కూచో. ఏం చెప్పబాక, ఊరికే సైగలు చెయ్యి. మౌనం లైవ్ అని పెడదాం. ఏం వల్లీ?" శ్రీవల్లి ఒళ్లోంచి తల ఎత్తలేదు. రామతులసి అతని ముఖం చూసింది. చెడ్డవాడు కాదు. ఆమె జ్వరంతో పడుకుంటే మందులు తెచ్చేవాడు. అతని కళ్లల్లో నిజంగానే సంతోషం ఉంది, ఇంటికి ఏదో మంచి జరిగిన సంతోషం. మాట అయిపోయింది, మాటలేకపోవడం మొదలైంది. దీన్ని కూడా విప్పి, కొంగు చూపించి, అంచు చూపించి అమ్మవచ్చు. నెల రోజులకు సరిపడా ఉంది. రాత లేదు, సైగ లేదు, శ్రీవల్లి తలను మెల్లగా ఒళ్లోంచి దించి ఆమె లేచి మెట్లు దిగింది.

కింద షాపులో ఎవరూ లేరు. వెంకటాద్రి పార్సిళ్లు వేయడానికి కొరియర్ ఆఫీసుకు పోయినట్టున్నాడు. తెల్లటి పరుపు అంచున మాత్రం ఒక ముసలామె, చేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని తల తిప్పింది. "ఎవరమ్మా, షాపామేనా? మాది బొల్లాపల్లి దగ్గర. కంటాసుపత్రికొచ్చినం. కళ్లల్లో చుక్కలేసిండ్రు, ఎండ చూడలేకపోతన్నా. మా తమ్ముడి కొడుకు మందులకి పోయిండు. వచ్చినదాన్ని ఎటూ వచ్చినా, ఓ చీర తీసుకుందామని. మా చెల్లెలికి. మంచాన పడింది. మెత్తటిదియ్యి తల్లీ, ఒంటికి గుచ్చుకోగూడదు."

రామతులసి అరల దగ్గరికి వెళ్లింది. చీరాల నూలుచీరలున్నాయి, లైవ్‌లో ఎప్పుడూ చూపించనివి, మెరవవు కాబట్టి. ఒకటి తీసి, మడత విప్పి, ముసలామె ఒళ్లో వేసింది. ఆమె చూడలేదు, చూపు ఆనడంలేదు. అరచేత్తో రాసింది, పిడికిట్లో నలిపింది, చెంపకు ఆనించుకుని కాసేపు ఉంచింది. "బాగుంది. ఏం రంగమ్మా ఇది?" అంది. జవాబు రాకపోయేసరికి ముఖం ఎత్తి, మసక కళ్లతో వెతికింది. "నిన్నే. ఏం రంగు?" రామతులసి ఆమె చెయ్యి పట్టుకుని, తన గొంతు మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది.

ముసలామె చెయ్యి అక్కడే ఉండిపోయింది. "మూగదానివా తల్లీ?"

పైన చేసినట్టే ఇక్కడా చేయవచ్చు. కాదని వేలు ఊపి, మందు సీసా సైగ చేసి, నెల రోజులని చూపించవచ్చు. రామతులసి అవునన్నట్టు తల ఊపింది. ఆ ఊపడం ముసలామె చేతికి తెలిసింది.

"అయ్యో" అంది ముసలామె, పెద్ద జాలి ఏమీ లేకుండానే. "పోన్లే. ఏ రంగైతే ఏముంది, మెత్తగుంది. ఇదే కట్టియ్యి." చీరను ఒళ్లోనే ఉంచుకుని, కాళ్లు పరుపు మీదకు లాక్కుని చాపింది. "వాడొచ్చేదాకా కాసేపు ఈడే కూచుంటా. పొద్దుటి నుంచి అడిగినోళ్లే గానీ ఊరుకున్నోళ్లు లేరు. పేరేంది, ఊరేంది, ఏ అక్షరం కనపడతంది, చెప్పు, చెప్పు. నువ్వైతే ఏం అడగవు."

పై నుంచి ఫణి "వదినా, ఒకసారి రా" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. రామతులసి ముసలామె పక్కన పరుపు మీద కూర్చుని, తానూ కాళ్లు చాపుకుంది.